ల్యాండ్‌శాట్ పాత చిత్రాలతో కొల్లేరు మార్పులను పోల్చి చూడటం ఎలా

కొల్లేరు 1970ల నుంచి నేటి వరకు ఎలా మారుతూ వచ్చిందో చూడదలచినవారికి అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలకు మించిన ఆధారం దొరకదు. యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే) సంస్థ నడిపే ఎర్త్ ఎక్స్‌ప్లోరర్ వెబ్‌సైటులో ఖాతా తెరిస్తే ఎవరైనా వాటిని ఉచితంగా దించుకోవచ్చు. 1980ల్లో అమెరికా ప్రభుత్వం ఈ చిత్రాల విక్రయాన్ని ప్రైవేటు సంస్థకు అప్పగించిన కాలంలో ఒక్కొక్క చిత్రానికి వేల డాలర్లు చెల్లించాల్సి వచ్చేది. 2008లో మొత్తం భాండాగారాన్ని ఉచితం చేయాలని తీసుకున్న నిర్ణయం వల్లనే ఈ పని సామాన్యుల చేతికి వచ్చింది. అయితే యాభై ఏళ్లలో ఉపగ్రహాలూ వాటి సెన్సర్లూ మారుతూ వచ్చాయి కనుక, ఏ చిత్రాన్ని ఏ ఉపగ్రహం తీసిందో తెలియకుండా పోల్చితే సెన్సర్‌లో వచ్చిన మార్పునే సరస్సులో వచ్చిన మార్పుగా పొరబడే ప్రమాదం ఉంది.

మొదట చూడవలసింది ఫైలు పేరు. అందులోని తొలి నాలుగు అక్షరాలు సెన్సర్‌నూ ఉపగ్రహాన్నీ చెబుతాయి: ఎల్ఎం01 అంటే మొదటి ల్యాండ్‌శాట్‌లోని స్కానర్, ఎల్‌టీ05 అంటే ఐదో ల్యాండ్‌శాట్‌లోని థీమాటిక్ మ్యాపర్ అనే సెన్సర్, ఎల్‌సీ08 అంటే ఎనిమిదోది.

మొదటి ఉపగ్రహాన్ని 1972 జులై 23న కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్ నుంచి ఈఆర్‌టీఎస్-1 అన్న పేరుతో ప్రయోగించారు; ల్యాండ్‌శాట్ అన్న పేరు 1975లో వచ్చింది. అందులో ప్రధాన పరికరాలుగా భావించినవి టెలివిజన్ తరహా కెమెరాలు. హ్యూస్ సంస్థ ఇంజినీరు వర్జీనియా నార్‌వుడ్ రూపొందించిన బహుళ వర్ణపట స్కానర్‌ను తోడుగా మాత్రమే పంపారు. కెమెరాలు విద్యుత్ లోపంతో కొద్ది వారాల్లోనే మూలపడగా, స్కానర్ పంపిన చిత్రాలే శాస్త్రవేత్తల నమ్మకాన్ని గెలుచుకున్నాయి. నేడు మనకు 1970ల కొల్లేరు కనిపిస్తోందంటే అది ఆమె పనితనం వల్లనే, ఆ పేరు మన విద్యార్థులకు ఇంకా బాగా తెలియాలి. ఆ స్కానర్‌కు ఒక పిక్సెల్ అంటే నేల మీద దాదాపు 80 మీటర్లు. చేపల చెరువుల గట్లు అంత వెడల్పు ఉండవు కనుక ఆ చిత్రాల్లో గట్లు విడిగా కనిపించకపోతే, అక్కడ చెరువులు లేవని తేల్చకూడదు. పైగా ఈ చిత్రాలకు వాతావరణ ప్రభావాన్ని సరిదిద్దిన లెవెల్-2 రూపం లేదు. అందువల్ల వీటిని కంటితో చూసి అర్థం చేసుకోవడానికే వాడి, విస్తీర్ణం లెక్కలను తర్వాతి ఉపగ్రహాలతో మొదలుపెట్టడం మంచిది.

1982లో నాలుగో ల్యాండ్‌శాట్, 1984 మార్చి 1న ఐదోది థీమాటిక్ మ్యాపర్‌తో వెళ్లాయి. పిక్సెల్ 30 మీటర్లకు తగ్గింది, ఒకే చోటికి తిరిగి వచ్చే వ్యవధి 18 రోజుల నుంచి 16 రోజులైంది, కక్ష్య మారడంతో ఒక్కో చిత్రపు చోటును గుర్తించే పాత్, రో సంఖ్యలు కూడా మారాయి. మూడో ఉపగ్రహం వరకు ఉన్న చిత్రాలను పాత సంఖ్యలతో, నాలుగు నుంచి కొత్త సంఖ్యలతో వెతకాలి. సంఖ్యలు తెలియకపోయినా పటం మీద సరస్సును గుర్తిస్తే సరిపోతుంది. ఈ రెండు ఉపగ్రహాల్లో టేప్ రికార్డర్లు లేవు. చిత్రాలను రిలే ఉపగ్రహం ద్వారా గాని, నేరుగా భూకేంద్రానికి గాని అప్పటికప్పుడే పంపవలసి వచ్చేది. మన దేశంలో ఆ పని హైదరాబాదు దగ్గరి షాద్‌నగర్ కేంద్రం చేసింది. కొన్ని సంవత్సరాలకు అమెరికా భాండాగారంలో మన ప్రాంతపు చిత్రాలు పలుచగా ఉండటానికి ఇదొక కారణం.

1993లో ఆరో ఉపగ్రహం కక్ష్యకు చేరలేదు. 1999లో వెళ్లిన ఏడోదానిలో 2003 మే 31న స్కాన్ గీతలను సరిదిద్దే భాగం చెడిపోయి, అప్పటి నుంచి ప్రతి చిత్రంలో సుమారు 22 శాతం నల్లని చారలుగా పోయింది. ఈ విషయం కొల్లేరుకు చాలా ముఖ్యం, ఎందుకంటే 2006లో అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లను కొట్టివేసిన ఘట్టం ఆ తర్వాతే జరిగింది. ఆ ముందు వెనుకలను పోల్చడానికి ఐదో ల్యాండ్‌శాట్ చిత్రం దొరికితే దానినే తీసుకోవాలి. అది 2011 నవంబరు వరకు చిత్రాలు పంపింది. 2013 నుంచి ఎనిమిదోది, 2021 నుంచి తొమ్మిదోది అందుబాటులో ఉన్నాయి.

చిత్రాలన్నీ ఒకే కాలానివి కావాలి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో మబ్బులు తక్కువ కనుక అవి అనువైనవి. వాన వెలసిన అక్టోబరు నీటిని మే నెల నీటితో పోల్చడం వల్ల ఏమీ తేలదు. లెవెల్-2 ఫైళ్లను దించుకొని ఉచితంగా దొరికే పటాల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో తెరవండి. సెన్సర్ ఒక్కో రకం కాంతిని విడిగా నమోదుచేసే పొరలే బ్యాండ్లు; సమీప పరారుణం వాటిలో కంటికి కనిపించనిది. సమీప పరారుణ బ్యాండ్‌ను ఎరుపుకు, ఎరుపును ఆకుపచ్చకు, ఆకుపచ్చను నీలానికి కేటాయిస్తే పచ్చదనం ఎర్రగా, నీరు నల్లగా కనిపిస్తాయి. ఐదు, ఏడు ఉపగ్రహాలకు ఆ బ్యాండ్లు 4, 3, 2. ఎనిమిది, తొమ్మిదింటికి 5, 4, 3. కొత్త సెన్సర్‌లో మొదట ఒక అదనపు బ్యాండ్ చేరడంతో సంఖ్యలు జరిగాయి, ఎక్కువ మంది తడబడేది ఇక్కడే.

నీటిని లెక్కించడానికి ప్రతి పిక్సెల్ విలువను 0.0000275తో గుణించి 0.2 తీసివేసి, ఆపై ఆకుపచ్చ బ్యాండ్ నుంచి సమీప పరారుణాన్ని తీసివేసి, వాటి మొత్తంతో భాగించాలి. సున్నాకు పైన వచ్చినదంతా దాదాపు నీరే. కొల్లేరులో మాత్రం ఈ లెక్కను గుడ్డిగా నమ్మవద్దు. గుర్రపుడెక్క కమ్మిన చోట కింద నీరున్నా పిక్సెల్ ఎర్రగా, అంటే మొక్కగా నమోదవుతుంది. మరోవైపు చేపల చెరువులోని నీరు కూడా నీరే కాబట్టి, సరస్సు కుంచించుకుపోయి చెరువులు పెరిగినా మొత్తం నీటి విస్తీర్ణం పెరిగినట్లే కనిపించవచ్చు. అందువల్ల లెక్క వచ్చాక తిన్నని అంచులతో గళ్లుగా ఉన్న నీటిని చేతితో గీసి వేరుచేసి, ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత) హద్దు లోపలా బయటా విడివిడిగా కొలవాలి. ఇది ఓపికతో చేయవలసిన పని. ఒక చిత్రంలో సందేహం వస్తే అదే ఋతువులోని మరో తేదీ చిత్రంతో సరిచూడండి. ఎనిమిది, తొమ్మిది రెండూ కలిసి ఎనిమిది రోజులకొకసారి అటుగా వెళ్తాయి కనుక ఇటీవలి సంవత్సరాలకు ఆ వీలు బాగానే ఉంది.