ఉప్పు లెక్క కోసం 24 గంటల మూత్రం పట్టే ముందు

తిన్న ఉప్పులోని సోడియంలో దాదాపు 90 శాతం మూత్రంలోనే బయటికి పోతుంది. అందుకే రోజుకు ఎంత ఉప్పు తింటున్నామో తేల్చడానికి 24 గంటల మూత్రమే నమ్మదగిన దారి. పట్టడంలో తేడా వస్తే మాత్రం లెక్కంతా తప్పుతుంది.

• మొదటి రోజు పొద్దున లేవగానే వచ్చే మూత్రం డబ్బాలో పోయకండి. అది వదిలేసి, టైమ్ రాసుకోండి. అక్కడి నుంచి ప్రతిసారీ పట్టాలి. మర్నాడు అదే టైమ్‌కి వచ్చేది కూడా కలపాలి.

• ఇంట్లో ఉండే రోజే పెట్టుకోండి. దొడ్డికి వెళ్లేటప్పుడు ముందు మూత్రం పట్టుకోండి, చాలామంది మర్చిపోయేది అక్కడే. ఒక్కసారి పట్టడం తప్పిపోయినా మొహమాటపడకుండా ల్యాబ్‌లో చెప్పేయండి.

• టెస్ట్ ఉందని ఆవకాయ, అప్పడాలు మానేయకండి. రోజూ తినేదే తినాలి, లేకపోతే ఈ శ్రమంతా వృథా.

• నీరు పోయే మాత్రలు వాడుతుంటే డాక్టర్‌కి ముందే చెప్పండి, సొంతంగా ఆపొద్దు. విరేచనాలు, జ్వరం, నెలసరి ఉంటే వాయిదా వేయండి.

• క్రియాటినిన్ (కండరాల నుంచి వచ్చి మూత్రంలో పోయే వ్యర్థం) కూడా చూడమనండి. మూత్రం పూర్తిగా పట్టారో లేదో దానితో కొంత అంచనా వస్తుంది.

• 24 గంటలు పట్టకుండా, ఒక్కసారి పోసిన మూత్రంతోనే కవసాకి, టనాకా అనే అంచనా సూత్రాలు వేసి చెప్పే అంకె జనాభా సగటుకు పనికొస్తుంది. మీ ఒక్కరి ఉప్పు తేల్చడానికి దాన్ని నమ్మకండి.

• రిపోర్టులో అంకె లీటరుకా, రోజుకా చూడండి. రోజుకు 100 మిల్లీమోల్స్ (ల్యాబ్‌లో సోడియం కొలిచే యూనిట్) అంటే 2.3 గ్రాముల సోడియం, అంటే సుమారు 5.8 గ్రాముల ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పేది రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు.