మందుల ఖర్చు తగ్గాలంటే డాక్టరు గదిలోనే అడగాలి

బీపీ, షుగరు వంటి జబ్బులకు నెలనెలా మందులు కొనేవారు షాపులో ఎంత బేరమాడినా ఎంఆర్‌పీ మీద తగ్గేది కొద్దిగానే. అసలు తేడా చీటీ దగ్గరే వస్తుంది. షెడ్యూల్ హెచ్ మందుకు, అంటే డాక్టరు చీటీ మీదే అమ్మవలసిన మందుకు, డాక్టరు బ్రాండు పేరు రాస్తే, దానికి బదులుగా మరొక కంపెనీ మందు ఇవ్వడానికి ఔషధ నియమాలు షాపువారికి అనుమతి ఇవ్వవు. అందువల్ల అమలాపురంలో చూపించుకున్నా, భీమవరంలో చూపించుకున్నా, డాక్టరుగారి ఎదుట ఉండగానే "జనరిక్ పేరు రాయండి, జన ఔషధి దుకాణంలో కొనుక్కుంటాను" అని అడగాలి. జనరిక్ పేరంటే కంపెనీ పెట్టుకున్నది కాక, మందు అసలు పేరు; జన ఔషధి అంటే అలాంటి మందులను తక్కువ ధరకు అమ్మే కేంద్ర ప్రభుత్వ పథకం దుకాణం. ఇందులో మొహమాటపడవలసింది ఏమీ లేదు. జనరిక్ పేర్లను స్పష్టంగా, వీలైతే పెద్ద (క్యాపిటల్) అక్షరాలలో రాయాలని భారత వైద్య మండలి 2016లోనే తన నియమావళిని సవరించింది.

ఇప్పటికే వాడుతున్న మందుల షీటును ఒకసారి తిప్పి చూడండి. పెద్ద అక్షరాలలో ఉన్నది కంపెనీ పెట్టుకున్న పేరు, దాని పక్కనో కిందనో సన్నని అక్షరాలలో "టెల్మిసార్టన్ టాబ్లెట్స్ ఐ.పి. 40 ఎం.జి." అన్నట్లుగా ఉండేదే అసలు మందు. కొత్త షీటు తీసుకునేటప్పుడు ఆ పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎస్ఆర్, ఎక్స్ఆర్ వంటి అక్షరాలు ఉన్నాయా లేదా అన్నవి మూడూ కలవాలి. ఎస్ఆర్, ఎక్స్ఆర్ బిళ్ళలు మందును మెల్లగా విడుదల చేస్తాయి కనుక, డబ్బు మిగులుతుందని ఎక్కువ మోతాదు బిళ్ళ కొని సగానికి విరుచుకోవడం ప్రమాదకరం.

2008లో మొదలైన జన ఔషధి దుకాణాలలో బ్రాండు మందులకంటే 50 నుంచి 90 శాతం వరకు తక్కువ ధర ఉంటుంది. దగ్గరలోని దుకాణాన్నీ, మందు ధరనూ జన ఔషధి సుగమ్ యాప్‌లో చూసుకోవచ్చు. అయితే అన్ని మందులూ ఎప్పుడూ ఉండవు కాబట్టి, లంక గ్రామాల నుంచి పడవ దాటి వచ్చేవారు ముందుగా ఫోను చేసి కనుక్కోవడం మంచిది.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగరు బిళ్ళలు ఉచితంగా ఇస్తారు. అక్కడ వరుసలో నిలబడటం నామోషీ అనుకుని, నెలకు వేల రూపాయలు పోసే కుటుంబాలు మన పల్లెల్లో చాలా ఉన్నాయి. ఈ ఆలోచన మారాలని నా గట్టి నమ్మకం. పెద్ద డాక్టరు చూడవలసి వస్తే కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది.

మూర్ఛ మందులు, రక్తం పలచబరిచే వార్ఫరిన్, థైరాయిడ్ బిళ్ళల విషయంలో మాత్రం కంపెనీ మార్చేముందు డాక్టరుతో తప్పక మాట్లాడాలి. వీటిలో మోతాదు కొద్దిగా అటూ ఇటూ అయినా తేడా చేస్తుంది కనుక, మార్చాక మళ్ళీ రక్త పరీక్ష అవసరం కావచ్చు.

కొత్తగా రాసిన మందును మొదట పది పదిహేను రోజులకే కొనండి. ఎక్కువ కొంటే, మందు పడకపోయినా, మోతాదు మారినా మిగిలిన షీట్లు వృథా అవుతాయి. కుదురుకున్న మందులను మాత్రం, గోదావరికి వరదలు వచ్చే జూలై, ఆగస్టు నెలలకు ముందే, గడువు తేదీ చూసి కాస్త ఎక్కువగా తెచ్చి ఉంచుకోవాలి. మన తేమకు బిళ్ళలు పాడవకుండా వాటిని షీటులోనే ఉంచాలి. తెరవని ఇన్సులిన్‌ను ఫ్రిజ్‌లో పెట్టాలి గాని, గడ్డకట్టే పై అరలో పెట్టకూడదు; ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు.