ట్యాంకు బజర్‌తో మొదలుపెట్టండి, కిట్టు తర్వాత కొనొచ్చు

పిల్లలకి ఎలక్ట్రానిక్స్ నేర్పుదామని అడిగేవాళ్లు చాలామంది ముందే రోబో కిట్టు కొనేసి ఉంటారు. పెట్టె విప్పిన రోజు సంబరంగానే ఉంటుంది. పుస్తకంలో ఉన్నట్టు వైర్లు పెడతారు, చక్రాలు తిరుగుతాయి, చప్పట్లు కొడతారు. వారం తిరిగేసరికి అది బీరువా మీదికి చేరుతుంది, ఎందుకంటే అది లేకపోయినా ఇంట్లో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

నేను పాలిటెక్నిక్ ల్యాబ్‌లో పనిచేసినవాణ్ణి. ఇప్పుడు హైదరాబాద్ సీతాఫల్‌మండిలో ఆదివారాలు తొమ్మిది, పది తరగతుల పిల్లలతో కూర్చుంటున్నాను. నేను మొదట చేయించేది నీళ్ల ట్యాంకు నిండితే మోగే బజర్. మా వైపు నల్లా వచ్చిన పూట సంపు నింపుకోవాలి, మోటార్ వేసి పైకి ఎక్కించుకోవాలి. మోటార్ ఆపడం మర్చిపోతే నీళ్లు మెట్ల మీదుగా కిందికొస్తాయి, కింద పోర్షన్‌వాళ్లు అరుస్తారు. ఈ గొడవ తెలియని పిల్ల ఒక్కరూ ఉండరు. మీ ఊళ్లో వేరే గొడవ ఉంటే దాన్నే పట్టుకోండి.

సామాను కోసం కోఠి గుజరాతీ గల్లీకి పిల్లల్ని కూడా తీసుకెళ్లండి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే సులువే, కానీ కౌంటర్ దగ్గర నిలబడి "బీసీ 547 పది ఇవ్వండి" అని అడగడమూ ఒక పాఠమే. ఒక్కో జట్టుకి ఒక బీసీ 547 ట్రాన్సిస్టర్, 1 కిలో ఓమ్ రెసిస్టర్, చిన్న బజర్, 9 వోల్టుల బ్యాటరీ, దాని క్లిప్పు, ఒక బ్రెడ్‌బోర్డు (సోల్డర్ లేకుండా వైర్లు గుచ్చే రంధ్రాల పలక) కావాలి. బ్రెడ్‌బోర్డు మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు కాబట్టి దాన్ని పక్కనపెడితే మిగతాదంతా సుమారు వంద రూపాయల్లో వస్తుంది. పొడుగు వైరుకి పాత లాన్ కేబుల్ ముక్క చాలు. అందరికీ కలిపి వోల్టేజీ, కనెక్షన్ చూసే మల్టీమీటర్ ఒకటి ఉంటే సరిపోతుంది.

కనెక్షన్ ఇదీ. ట్రాన్సిస్టర్ చదును వైపు మనకేసి, కాళ్లు కిందికి పెట్టి పట్టుకుంటే ఎడమనుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. బ్యాటరీ ప్లస్ నుంచి బజర్ ప్లస్‌కి, బజర్ మైనస్ నుంచి కలెక్టర్‌కి, ఎమిటర్ నుంచి బ్యాటరీ మైనస్‌కి. ఇక ట్యాంకులోకి వెళ్లే వైర్లు రెండు: ఒకటి బ్యాటరీ ప్లస్ నుంచి, రెండోది రెసిస్టర్ మీదుగా బేస్‌కి. రెండు కొసలూ నీళ్లని తాకితే నీళ్లలోంచి కొద్దిపాటి కరెంటు బేస్‌కి చేరుతుంది. ఆ కొద్దిపాటి కరెంటే కలెక్టర్ వైపు పెద్ద కరెంటుని వదులుతుంది, బజర్ మోగుతుంది.

దీన్ని బోర్డు మీద రాసి వివరించకండి. రెండు గ్లాసులు పెట్టండి, ఒకదాంట్లో ఆర్వో నీళ్లు, రెండోదాంట్లో బోరు నీళ్లు. కొసలు రెండిట్లోనూ ముంచి చూడమనండి. బోరు నీళ్లలో బజర్ గట్టిగా అరుస్తుంది, ఆర్వో నీళ్లలో గొంతు సన్నబడుతుంది. అప్పుడు ఆర్వో గ్లాసులో చిటికెడు ఉప్పు వేయమనండి. ఆ చప్పుడు మారగానే పిల్లల ముఖాలు చూడాలి! మీరు నోరు విప్పకముందే "సార్, ఉప్పుకీ కరెంటుకీ ఏంటి సంబంధం" అని వాళ్లే అడుగుతారు.

ముగ్గురికి ఒక జట్టు చాలు. నలుగురైతే ఒకరు ఫోన్ చూస్తూ కూర్చుంటారు. ఇంకో సంగతి గమనించండి: వదిలేస్తే మగపిల్లలు సోల్డరింగ్ ఐరన్ (వైర్లు అతికే వేడి కడ్డీ) పట్టుకుంటారు, ఆడపిల్లలకి నోట్సు రాసే పని అంటగడతారు. అందుకే ప్రతి అతుకు తర్వాత ఐరన్ చేయి మారాలన్నది నా గదిలో రూలు, దానికి మినహాయింపు లేదు. 25 వాట్ల ఐరన్ చాలు. మామూలు సోల్డర్ తీగలో సీసం ఉంటుంది కాబట్టి కిటికీలు తీసిపెట్టండి, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఎవరూ సమోసా ముట్టకూడదు. అన్నిటికంటే ముఖ్యం, మోటార్ స్విచ్‌బోర్డులో వేలు పెట్టకూడదు. మన పనంతా 9 వోల్టుల దగ్గరే.

సర్క్యూట్ పనిచేయకపోతే వెంటనే మీరు సరిచేయకండి. మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో (వైరు దారి కలిసి ఉంటే కూస్తుంది) పెట్టి చేతికివ్వండి. బ్రెడ్‌బోర్డులో ఒక వరసలో అయిదు రంధ్రాలు లోపల కలిసి ఉంటాయి. వైరు ఒక్క వరస పక్కకి జరిగినా సర్క్యూట్ తెగినట్టే. అన్నీ సరిగ్గా కుదిరిన జట్టు ఉంటే, వాళ్లు టీ తాగడానికి వెళ్లినప్పుడు నేనే ఒక వైరు జరిపి పెడతాను. తిట్టుకుంటారు గానీ, తప్పు వెతకడం అలాగే వస్తుంది.

అసలు డిజైన్ పాఠం వస్తువు ఇంటికి వెళ్లాకే మొదలవుతుంది. దాన్ని ఒక ప్లాస్టిక్ సబ్బు పెట్టెలో బిగించి, వారం రోజులు ఇంట్లో వాడి, ఎవరేమన్నారో రాసుకు రమ్మనండి. "మా అమ్మ వైరు పీకేసింది సార్" అనే మాట తప్పకుండా వస్తుంది. ఎందుకు పీకేసిందో అడగండి. నీళ్ల మట్టం దిగేదాకా అది అరుస్తూనే ఉంటుంది మరి. సరే, ఒక స్విచ్ పెడదాం అంటారు. పెడితే, ఆపాక మళ్లీ వేయడం మర్చిపోతారు. ఆ స్విచ్ ఎక్కడుంటే గుర్తుంటుంది? ఒక అమ్మాయి దాన్ని మోటార్ స్విచ్ పక్కనే గోడకి అంటించింది, మోటార్ వేసే చేత్తోనే బజర్ కూడా వేసేలాగ. ఇంకొకడి ఇంట్లో నాయనమ్మకి చెవులు సరిగ్గా వినపడవు, వాడు వంటింట్లో ఎర్ర ఎల్‌ఈడీ పెట్టాడు. పెట్టె మీద ఏ భాషలో రాయాలన్నదీ తేల్చుకోవాల్సిందే. ఇంట్లో ఉర్దూ చదివేవాళ్లుంటే ఉర్దూలోనే రాయాలి. వీటిలో దేనికీ నా దగ్గర రెడీమేడ్ జవాబు ఉండదు, ఉన్నా చెప్పను.

రెండో రకం ఫిర్యాదులు కెమిస్ట్రీ తెస్తాయి. కొన్నాళ్లకి రాగి కొసల్లో ఒకటి పచ్చబడుతుంది, అదీ ప్లస్ వైపుదే. రెండోది ఎందుకు బాగుంది? సైన్స్ పుస్తకంలో చదివిన విద్యుద్విశ్లేషణ వాళ్ల ట్యాంకులోనే జరుగుతోంది. తాగే నీళ్లు కూడా అవే కాబట్టి కొసలకి స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు బిగించండి. వానాకాలంలో డాబా మీద అతుకు తడిసి, ట్యాంకు ఖాళీగా ఉన్నా బజర్ మోగుతుంది. ఆ అతుకుని ట్యాంకు మూతకి దూరంగా, గోడ నీడలో పెట్టి టేపు చుట్టాలి.

కోడ్ రాసి నడిపే చిన్న బోర్డు, ఆర్డ్యునో, ఎప్పుడు అంటారా? ఎవరో ఒకరు "నిండినప్పుడే కాదు, సగం అయినప్పుడు కూడా తెలియాలి" అని అడిగిన రోజు. అప్పుడు కోడ్‌కి పని పడుతుంది. కొసలకి ఎప్పుడూ కరెంటు ఇవ్వకుండా, చదివే క్షణంలో మాత్రమే పిన్‌ని ఆన్ చేసి వెంటనే ఆపేయమని రాస్తే తుప్పు కూడా తగ్గుతుంది. ఇది మామూలు సర్క్యూట్‌తో అంత తేలిగ్గా కాదు. ఇంకో పక్క, ఆర్డ్యునోలో ఉనో అనే బోర్డు ఖాళీగా ఉన్నా సుమారు 50 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది, 9 వోల్టుల బ్యాటరీ ఒక్క రోజు కూడా రాదు, పాత ఫోన్ చార్జర్ పెట్టాల్సిందే. ట్రాన్సిస్టర్ సర్క్యూట్ ట్యాంకు నిండేదాకా దాదాపు ఏమీ లాగదు. రెండూ పక్కపక్కన పెట్టి, ఎవరింటికి ఏది సరిపోతుందో వాళ్లనే వాదించుకోనివ్వండి. బోర్డు కొనేముందు టింకర్‌క్యాడ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా ప్రయత్నించి చూడొచ్చు.

మీ దగ్గరి బడిలో కేంద్రం పెట్టించే అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉందేమో కనుక్కోండి. ఆ పథకం కింద బడికి 20 లక్షల వరకు గ్రాంటు వస్తుంది, పనిముట్లు లోపలే ఉంటాయి, హెడ్‌మాస్టర్‌ని మర్యాదగా అడిగితే తాళం తీస్తారు. 2023లో హైదరాబాద్ రాయదుర్గంలో తెరిచిన, నమూనా వస్తువులు తయారుచేసుకునే ప్రభుత్వ కేంద్రం టీ-వర్క్స్‌కి కూడా పిల్లల్ని తీసుకెళ్లొచ్చు, కాకపోతే ఆఖర్లో. అక్కడి మెషీన్లు చూసొచ్చాక సబ్బు పెట్టె ఎవరికీ నచ్చదు.

బ్యాచ్‌ని జూన్‌లో, బడులు తెరిచాక మొదలుపెట్టండి. వానలూ అప్పుడే వస్తాయి, అతుకులకి పరీక్ష దానంతట అదే జరిగిపోతుంది. జనవరి దాటాక పదో తరగతి వాళ్లు రారు, వచ్చినా ఇంట్లోవాళ్లు టెన్షన్ పడతారు. అందుకని బ్యాచ్‌లో సగానికి పైగా తొమ్మిదో తరగతి వాళ్లనే తీసుకోండి, మరుసటి జూన్‌లో కొత్తవాళ్లకి ఐరన్ పట్టుకోవడం వాళ్లే నేర్పుతారు.