పిల్లలు బటన్ నొక్కితే రైలు కదలడం లేదా?

మా పెరట్లో 45 మిల్లీమీటర్ల పట్టాల మీద తిరిగే జీ స్కేల్ (పెరట్లో నడిపే పెద్ద సైజు) బొమ్మ రైలుకు పిల్లల కోసం బటన్ పెట్టాను. ఒకసారి నొక్కితే ఒక చుట్టు తిరిగి స్టేషన్లో ఆగాలి. వారం తిరక్కుండానే ఫిర్యాదులు మొదలు.

నొక్కినా ఉలుకూ పలుకూ లేదు: బటన్ పెట్టె విప్పి అక్కడి రెండు వైర్లను క్షణంపాటు కలపండి. రైలు కదిలితే తప్పు బటన్‌ది. కదలకపోతే వైరుదో, పట్టాలదో. ఇత్తడి పట్టాలు ఆరుబయట నల్లబడి కరెంటు అందనివ్వవు, పైభాగం రుద్ది చూడండి. మా పెట్టెలో మాత్రం వాన వెలిశాక చూస్తే చీమలు గుడ్లతో సహా కాపురం పెట్టాయి, కాంటాక్టుల మీద పచ్చటి చిలుము. ఇప్పుడు ఐపీ67 (దుమ్ము, నీళ్లు చొరబడని రకం) బటన్ వాడుతున్నాను. వైరు కింది నుంచే పెట్టెలోకి వెళ్తుంది. పైనుంచి తెస్తే వాననీళ్లు దాన్నే పట్టుకుని లోపలికి దిగుతాయి.

రైలు ఈడుస్తోంది, బటన్ వేడెక్కుతోంది: రైలు లాగే కరెంటంతా బటన్‌లోంచే పోతోందన్నమాట. నేనూ మొదట అలాగే కలిపాను. 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకు మీటరుకు సుమారు 0.035 ఓమ్‌ల నిరోధం. బటన్ 20 మీటర్ల దూరంలో ఉంటే రానూపోనూ 40 మీటర్లు, అంటే 1.4 ఓమ్‌లు. రైలు 2 ఆంపియర్లు లాగితే దారిలోనే దాదాపు 3 వోల్టులు పోతాయి. అందుకే రిలేను (లోపలి తీగచుట్టకు, అంటే కాయిల్‌కు, అందే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పెట్టి, బటన్‌ను దాని 12 వోల్టుల కాయిల్‌కు మాత్రమే కలపండి. కాయిల్‌కు అడ్డంగా, ఆపినప్పుడు అది విసిరే ఎదురు వోల్టేజిని అణచడానికి, ఒక 1ఎన్4007 డయోడ్, గీత ఉన్న వైపు ప్లస్‌కు. 230 వోల్టుల లైను ఇల్లు దాటి పెరట్లోకి రాకూడదు, పిల్లల చేతులు తడిగానే ఉంటాయి.

రైలు ఆగనే ఆగదు: టైమర్ మాడ్యూల్ నొక్కినప్పుడల్లా లెక్క మళ్లీ మొదలుపెడుతోంది. నలుగురు పిల్లలు చేరితే ఇక అంతే. మొదటి నొక్కు తర్వాత సమయం అయ్యేదాకా మిగతావాటిని పట్టించుకోని మోడ్‌లో పెట్టండి.

ఎవరూ నొక్కకుండానే కదులుతోంది: ఆర్డుయినో (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న బోర్డు) వాడేవాళ్లకు ఇది మామూలే. పొడవైన వైరు యాంటెనాలా చుట్టుపక్కల గోలంతా పట్టేస్తుంది, బోర్డు లోపలి పుల్అప్ (బటన్ నొక్కనప్పుడు పిన్నును ప్లస్ వైపు నిలిపి ఉంచే రెసిస్టర్) చాలదు. బయట 1 కిలోఓమ్ పుల్అప్, పిన్ను నుంచి గ్రౌండుకు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి.

పాయింట్ మోటార్ (పట్టాల దారి మార్చేది) కాలిన వాసన: కాయిల్ రకానికి క్షణకాలం కరెంటే చాలు. వేలు తియ్యమంటే ఏ పిల్లాడు తీస్తాడు? మధ్యలో కెపాసిటర్ డిశ్చార్జ్ యూనిట్ పెట్టండి. ఎంతసేపు నొక్కిపట్టినా కాయిల్‌కు ఒక్క దెబ్బే అందుతుంది.