తప్పు బయటపడిన తొలి ఐదు నిమిషాలు (నాయకత్వంలో దయ, నిజాయితీ – 4వ పాఠం)

కిందటి పాఠంలో ఎదుటివారి మాటకు అడ్డుపడకుండా వినడం సాధన చేశాము. ఈసారి అంతకంటే కష్టమైన సందర్భం: మన కింద పనిచేసేవారి చేతిలో తప్పు జరిగింది, ఆ సంగతి మనకు ఇప్పుడే తెలిసింది.

చిత్తూరు దగ్గర తోతాపురి మామిడి గుజ్జు తీసే ఒక ఫ్యాక్టరీలో నేను షిఫ్టు సూపర్‌వైజరుగా ఉన్నప్పటి మాట. జూన్ నెల, గేటు బయట కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. గంటకొకసారి గుజ్జు చుక్కను రిఫ్రాక్టోమీటరు (తీపిని కొలిచే పరికరం) అద్దం మీద వేసి, బ్రిక్స్, అంటే గుజ్జులో చక్కెర శాతం ఎంతో చూసి పుస్తకంలో రాయవలసిన కుర్రవాడు, మూడు గంటలపాటు ఏమీ చూడకుండానే 14, 14, 14 అని రాసిపెట్టాడు. తెల్లవారి పరీక్షిస్తే 13 కూడా రాలేదు. ఒక్కొక్కటి 215 కిలోలు పట్టే డ్రమ్ములను వరుసగా పక్కకు పెట్టించి, అందరి ఎదుటా అతని మీద అరిచాను. అతడు తల వంచుకొని, "అద్దం కింద పడి పగిలిపాయ సార్. చెబితే అరుస్తారని భయపడితి" అన్నాడు. లేని అంకె రాసినవాడు అతడే, కానీ ఆ భయం నేను పెంచినది.

అమెరికాలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రి వార్డుల్లో మందుల పొరపాట్లను పరిశీలించినప్పుడు, చక్కగా కలిసి పనిచేసే బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదై కనిపించాయి. అక్కడివారు దాచకుండా చెప్పుకోవడమే అందుకు కారణం కావచ్చునని ఆమె గ్రహించి, 1999లో ప్రచురించిన వ్యాసంలో బృందాలకు ఉండవలసిన "మానసిక భద్రత"ను, అంటే తప్పును భయపడకుండా చెప్పుకోగలమనే నమ్మకాన్ని, వివరించారు.

ఇక సాధన. ముందు ఆ మనిషిని పదిమందిలో నుంచి పక్కకు పిలిచి కూర్చోబెట్టండి. "ఎందుకు చేశావు?" అంటే సాకు వస్తుంది, "ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పు నాయనా" అంటే సంగతి వస్తుంది. కోపం ఆగకపోతే, "నాకిప్పుడు కోపంగా ఉంది, పది నిమిషాలాగి మాట్లాడతాను" అని ఉన్నమాట చెప్పండి. మనసులో ఉన్నదంతా కక్కెయ్యడమే నిజాయితీ అని చాలామంది పొరబడతారు కనుక ఈ మాట చెబుతున్నాను.

విన్న తరువాత దయ పేరుతో తప్పును కప్పిపుచ్చవద్దు. "చూడకుండా రాయడం తప్పే. మేనేజరుగారికి చెప్పక తప్పదు, నీ పరిస్థితి కూడా నేనే చెబుతాను" అనడం వరకు మన చేతిలో ఉంది. "నీ ఉద్యోగానికి ఢోకా లేదు" అనే హామీ, ఆ నిర్ణయం మనది కానప్పుడు, ఎంత జాలి కలిగినా ఇవ్వకూడదు; రేపు అది నిలవకపోతే ఆ మనిషి మన మాటను మరెన్నడూ నమ్మడు.

నేను ఎవరి ఎదుట అరిచానో వారి ఎదుటే ఆ కుర్రవాడికి క్షమాపణ చెప్పి, రెండో రిఫ్రాక్టోమీటరు తెప్పించి బల్ల మీద పెట్టించాను. పది రోజుల తరువాత, డ్రమ్ముల్లోని గుజ్జు సంచులకు సీలు వేసే అక్క తానుగా వచ్చి, "సార్, నాలుగో డ్రమ్ము సీలు సరిగా పడలా, ఒకసారి చూడండి" అన్నది.

ఈ వారం అభ్యాసం: మీరు కోప్పడిన ఒక పాత సందర్భాన్ని తలచుకొని, ఆనాడు అవతలివారు ఏమి చెప్పలేకపోయారో వారినే అడిగి, వారి మాటల్లోనే ఒక కాగితం మీద రాసుకోండి. వచ్చే పాఠాన్ని ఆ కాగితంతోనే మొదలుపెడదాము.