సమానత్వంపై థీసిస్‌ను పుస్తకం చేయడం: ఏది తీసేయాలి, ఏది తిరగరాయాలి, ఎక్కడ సంతకం పెట్టకూడదు

కులం, కూలి, ఆడవాళ్ల ఆస్తి హక్కు, నీళ్ల దగ్గర వివక్ష వంటి అంశాల మీద మన యూనివర్సిటీల్లో వచ్చిన పీహెచ్‌డీ థీసిస్‌లలో చాలావరకు థీసిస్‌లను ఆన్‌లైన్‌లో భద్రపరిచే శోధ్‌గంగలో పీడీఎఫ్‌గా మిగిలిపోతున్నాయి. పుస్తకంగా వచ్చే కొన్ని కూడా అట్ట మార్చిన థీసిస్‌లే. థీసిస్‌ను గైడు, పరీక్షకులు ఎలాగూ చదవక తప్పదు. డబ్బు పెట్టి కొన్న పాఠకుడికి ఆ బాధ్యత లేదు, మూడో పేజీలో విసుగొస్తే మూసేస్తాడు. ఇంకో పాఠకుడు కూడా ఉంటాడు. అతను మీరు ఎవరి గురించి రాశారో ఆ ఊరి మనిషి.

చాలామంది ముందు ప్రచురణకర్తను వెతుక్కుంటారు, తర్వాత రాత సరిచేస్తారు, ఇంటర్వ్యూలు ఇచ్చినవాళ్లను చివర్లో తలుచుకుంటారు. ఈ వరుసను తిరగేయాలి. ఎవరి మాట ఉండొచ్చో తేలితేనే ఏ అధ్యాయం నిలబడుతుందో తెలుస్తుంది.

మొదట ఊరికి

థీసిస్ అప్పుడు వాళ్లు ఒప్పుకున్నది ‘యూనివర్సిటీ చదువు కోసం’ మాత్రమే. టీ హోటల్లో దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి గురించి చెప్పిన కూలీ, ఆ మాటలు హోటల్ యజమాని కొడుకు చదువుతాడని అనుకుని మాట్లాడి ఉండరు. ఇంగ్లిష్‌లో, విదేశంలో అచ్చయి, వేల రూపాయల ధర ఉన్న పుస్తకం ఊరిదాకా రాకపోవచ్చు. తెలుగు పుస్తకం వస్తుంది. ఒక పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే సాయంత్రానికల్లా ఊరంతా చదువుతుంది.

అందుకే పేరుతోనో, పోల్చుకునేలాగానో ఎవరి మాట వాడారో వాళ్లందరి దగ్గరికీ మళ్లీ వెళ్లాలి. పుస్తకం అమ్మకానికి వస్తుందని, తెలుగులో ఉంటుందని చెప్పి, వాళ్లకు సంబంధించిన పేరాను చదివి వినిపించాలి. సంతకానికి జంకితే, నోటిమాటగా ఒప్పుకున్నదాన్ని వాళ్ల అనుమతితోనే రికార్డు చేసుకోవాలి. వద్దంటే ఆ మాట తీసేయాల్సిందే, అధ్యాయంలో అంతకన్నా బలమైన వాక్యం లేకపోయినా సరే. వలస వెళ్లి దొరకనివాళ్ల విషయంలో వయసు, ఉపకులం, వీధి వంటి ఆనవాళ్లు తీసి మాట మాత్రం ఉంచుకోవచ్చు.

మారుపేర్ల దగ్గర జరిగే పొరపాటు ఒకటుంది. పుస్తకంలో ఊరికి ‘రామాపురం’ అని పేరు పెడతారు. కృతజ్ఞతల్లో ‘నా థీసిస్ ఫలానా శీర్షికతో సమర్పించాను’ అని రాస్తారు. ఆ శీర్షికలోనే అసలు ఊరి పేరు ఉంటుంది, శోధ్‌గంగలో రెండు నిమిషాల్లో దొరుకుతుంది. అలాంటప్పుడు థీసిస్ శీర్షికను పూర్తిగా ఇవ్వకూడదు. ఇచ్చినా మానినా మారుపేరు కాపాడుతుందన్న భరోసా పెట్టుకోకూడదు, ఆ సంగతి ఊళ్లో వాళ్లకు కూడా చెప్పాలి. శీర్షికలో ఊరి పేరు లేకపోయినా ‘జాతీయ రహదారికి 4 కిలోమీటర్ల దూరంలో, 412 ఇళ్లున్న గ్రామం’ అంటే ఆ మండలంలో వాళ్లు ఇట్టే పోల్చుకుంటారు. ‘సుమారు 400 ఇళ్లు, మధ్య కోస్తా’ అంటే చాలు.

అత్యాచార బాధితుల విషయంలో ఇది మర్యాదతో పోయేది కాదు. బాధితురాలెవరో తెలిసిపోయేలా అచ్చువేయడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. పేరు మార్చి తండ్రి వృత్తి, పేట పేరు అలాగే ఉంచితే పేరు రాసినట్టే.

థీసిస్ వాక్యాన్ని విప్పడం

ఈ పని మొదలుపెట్టే ముందు ఒక వాక్యం రాసుకోండి: ‘ఇంతవరకు ఫలానా విధంగా అనుకుంటున్నారు, నా పుస్తకం చదివాక ఫలానాది తెలుస్తుంది.’ రెండో ఖాళీలో ‘అసమానత ఇంకా ఉంది’ అని రాయాల్సి వస్తే పుస్తకం ఇంకా తయారు కాలేదు. ఆ మాట అందరికీ తెలుసు. ‘గాజు గ్లాసుల చోట పేపర్ కప్పులు వచ్చాక వివక్ష పోలేదు, గ్లాసు మీద నుంచి కుర్చీ మీదికి మారింది’ అనేది, మీ ఆధారాలు నిలబడితే, పుస్తకానికి తగిన మాట. కొత్త వస్తువు వచ్చి పాత ఆచారాన్ని కనబడకుండా చేసిందనడానికి రుజువులు చూపాలి. అప్పుడు ప్రతి అధ్యాయం ఆ రుజువుల్లో ఒక మెట్టు అవుతుంది. కానిది అనుబంధంలోకి పోతుంది, లేదా చెత్తబుట్టలోకి.

ఇక కోతలు. పూర్వ పరిశోధనల సమీక్ష 50, 60 పేజీలుంటే అధ్యాయంగా మొత్తం ఎత్తేయాలి. మీరు నిజంగా వాదం పెట్టుకున్నది ముగ్గురు నలుగురితోనే అయి ఉంటుంది. వాళ్లను ఆ వాదం జరిగే చోటికి తరలించండి, మిగతావాళ్లు గ్రంథసూచిలో ఉంటారు. పరిశోధన పద్ధతి అధ్యాయం ఆరేడు పేజీల అనుబంధం అవుతుంది. ‘ఈ అధ్యాయంలో చర్చించబడినది’ అని మొదట్లో, ‘పై అధ్యాయంలో చర్చించబడినది’ అని చివర్లో ఉండే పేరాలు రెండూ పోవాలి. పట్టికల్లో, వచనంలో కనీసం ఒక పేరా చర్చ ఉన్నవే మిగలాలి.

తిరగరాత ఎలా ఉంటుందో ఒక కల్పిత ఉదాహరణలో చూద్దాం. థీసిస్‌లో ఇలా ఉందనుకోండి:

‘క్షేత్ర పర్యటనలో సేకరించబడిన సమాచారం ప్రకారం 32 మంది ప్రతిస్పందకులలో 3.125 శాతం మంది హోటల్ లోపల కూర్చొనుటకు అనుమతించబడుచున్నట్లు తెలియజేయబడినది.’

పుస్తకంలో:

‘మాట్లాడిన 32 మందిలో ఒక్కరే లోపల బల్ల మీద కూర్చుని టీ తాగుతానన్నారు. ఆయన సర్పంచి.’

3.125 శాతం అంటే ఒక్క మనిషి. వంద మంది కూడా లేని చోట శాతాలు వేస్తే లేని కచ్చితత్వం వచ్చిపడుతుంది, మనుషులు మాయమవుతారు. ‘అనుమతించబడుచున్నట్లు’ అన్నప్పుడు అనుమతి ఇచ్చేదెవరో చెప్పకుండా తప్పించుకున్నాం. వివక్ష మీద పుస్తకంలో కర్త లేని వాక్యం తేలికపాటి దోషం కాదు. ఇక సర్పంచి అన్న వివరం థీసిస్ పట్టికలో ‘ఇతరులు’ అనే గడిలో పడి ఉంటుంది. పాత ఫీల్డ్ నోట్సు తీస్తేనే బయటికొస్తుంది.

‘అన్నారు’ ఎవరికి, ‘అన్నాడు’ ఎవరికి

సమానత్వం మీద తెలుగులో రాసే పుస్తకానికి ఈ పరీక్ష తప్పనిసరి. ఫైలు తెరిచి ‘అన్నారు’, ‘అన్నాడు’, ‘అన్నది’, ‘చెప్పారు’, ‘చెప్పాడు’, ‘చెప్పింది’ అని ఒక్కొక్కటే వెతకండి. దేనికి కర్త ఎవరో కాగితం మీద రాసుకుంటూ పోండి. చాలా థీసిస్‌లలో తేలేది ఒకటే: తహసీల్దారు, ప్రొఫెసరు, మోతుబరి రైతు ‘అన్నారు’, కూలీ ‘అన్నాడు’, అతని భార్య ‘చెప్పింది’. అందరి నైతిక విలువా ఒకటే అని మొదటి అధ్యాయంలో వాదించి, క్రియల చివర్లో పాత మెట్లన్నీ కట్టిపెట్టినట్టు అవుతుంది.

దారులు రెండున్నాయి. పెద్దవాళ్లందరికీ ‘అన్నారు’ వాడొచ్చు. లేదా చరిత్ర పుస్తకాల్లో కొందరు చేసినట్టు గాంధీ, అంబేడ్కర్, కలెక్టరు, కూలీ అందరికీ ‘అన్నాడు’ వాడొచ్చు. రెండోదాంట్లో ఇబ్బందేమిటంటే, బతికున్న కూలీని ఏకవచనంలో పిలిస్తే ఆ ఊరి పాఠకుడికి అది సమానత్వంలా వినబడదు, అలవాటైన చిన్నచూపులాగే వినబడుతుంది. మొదటిదే మేలు. ‘గారు’, ‘డాక్టర్’, ‘ఆచార్య’ మాత్రం అందరికీ తీసేయండి, కృతజ్ఞతల పేజీలో పెట్టుకోండి.

దీన్ని ‘రీప్లేస్ ఆల్’ కొట్టి చేయకూడదు. ‘అన్నాడు’ను ‘అన్నారు’ చేస్తే ‘అతడు’ను ‘ఆయన’ చేయాలి, తర్వాతి వాక్యంలో ‘వెళ్లాడు’ కూడా మారాలి. పైగా కొటేషన్ల లోపలివి కూడా మారిపోతాయి. యజమాని కూలీని ‘వాడు’ అన్నాడంటే అది మీ సాక్ష్యం, దాన్ని ముట్టుకోకూడదు. ‘హరిజన’ పదం కూడా అంతే. పాత రికార్డు నుంచి ఎత్తిచూపిన భాగంలో ఉన్నది ఉన్నట్టు ఉంచాలి, మీ వచనంలో వాడకూడదు. 50,000 పదాల ప్రతిలో ఈ ఒక్క పనికే కొన్ని రోజులు పడుతుంది.

ఎవరి మాటకు అనుమతి కావాలి

మన కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం రచయిత చనిపోయిన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు హక్కులుంటాయి. గురజాడ 1915లో పోయారు, ఇబ్బంది లేదు. అంబేడ్కర్ 1956లో పోయారు కాబట్టి 2017 జనవరి 1 నుంచి, ఆయన బతికుండగా అచ్చయిన రచనలకు అనుమతి అక్కర్లేదు. పోయాక మొదటిసారి అచ్చయిన వాటికి అచ్చయిన ఏడాది నుంచి లెక్క. కానీ మీరు వాడేది తెలుగు అనువాదమైతే అనువాదకుడి హక్కు వేరేగా ఉంటుంది. అందుకే పొడవైన భాగాలైతే ఇంగ్లిష్ మూలం నుంచి మీరే అనువదించుకుని ఆ మాట రాయడం తేలిక. జాషువా 1971లో పోయారు, ఆయన పద్యాల హక్కులు 2031 చివరిదాకా ఉంటాయి. పద్యాన్ని విమర్శిస్తూ, చర్చిస్తూ కావలసినంత మేరకు ఉటంకించడానికి చట్టంలోని 52వ సెక్షన్ వీలిస్తుంది. అధ్యాయం నెత్తిన అలంకారంగా పెట్టే పద్యానికి ఆ రక్షణ ఉంటుందనుకోవద్దు. ‘ఇన్ని పదాల దాకా ఫర్వాలేదు’ అనే లెక్క మన చట్టంలో ఎక్కడా లేదు, ఎవరు చెప్పినా నమ్మొద్దు.

ప్రచురణకర్త

థీసిస్ ఆన్‌లైన్‌లో కనబడగానే ‘మీ పరిశోధన చూశాం, ఉచితంగా పుస్తకం వేస్తాం’ అని మెయిల్ వస్తుంది. ఎవరూ చదవరు, ఎవరూ ఎడిట్ చేయరు, మీ పీడీఎఫ్‌కే అట్ట కడతారు. డబ్బు పోదు గానీ హక్కులు పోతాయి, తర్వాత మంచి ప్రచురణకర్త దొరికినా ‘ఇది ఇప్పటికే వచ్చేసింది’ అంటాడు. ఇంకో రకం మన దగ్గరే ఉంది. ఏ సబ్జెక్టయినా వారంలో వేసి ‘ఐఎస్‌బీఎన్ చార్జీలు’ వసూలు చేస్తారు. మన దేశంలో ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య, ఉచితం. కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామ్‌మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఇస్తుంది, సొంతంగా వేసుకునే రచయిత కూడా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. అచ్చు పుస్తకానికి ఒక నంబరు, ఈ-బుక్‌కు ఇంకొకటి తీసుకోవాలి. పైగా ఐఎస్‌బీఎన్ అనేది గుర్తింపు సంఖ్య మాత్రమే, నాణ్యతకు ముద్ర కాదు.

అసలైన అకడమిక్ ప్రచురణ సంస్థ సాధారణంగా మొదట్లోనే పూర్తి ప్రతి అడగదు. ప్రతిపాదన, ఒకటి రెండు నమూనా అధ్యాయాలు అడుగుతుంది, బయటి నిపుణులకు పంపుతుంది, నెలలు తీసుకుంటుంది. థీసిస్ శోధ్‌గంగలో ఉందని ప్రతిపాదనలోనే చెప్పండి. చెప్పకపోతే పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్ చెబుతుంది, మీ సొంత వాక్యాలకే మీరు సంజాయిషీ రాయాల్సి వస్తుంది.

ఒప్పందంలో ముందు కాలపరిమితి చూడండి. హక్కుల బదిలీ పత్రంలో గడువు రాయకపోతే చట్టం ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశంగా లెక్కిస్తుంది. అందుకే తెలివైన ప్రచురణకర్తల పత్రాల్లో ‘కాపీరైట్ ఉన్నంతకాలం, ప్రపంచమంతటా, అన్ని భాషల్లో’ అని ఉంటుంది. ఇంగ్లిష్ పుస్తకమైతే తెలుగు అనువాద హక్కు మీ దగ్గరే ఉంచుకోండి. రాయల్టీ ముద్రిత ధర మీదా, సంస్థ చేతికొచ్చే మొత్తం మీదా అన్నది అడగాలి. 250 రూపాయల పుస్తకానికి ధర మీద 10 శాతమైతే 25 రూపాయలు. 40 శాతం డిస్కౌంట్ పోయాక వచ్చే 150 మీద అయితే 15. ‘ప్రతులు అయిపోతే హక్కులు తిరిగి వస్తాయి’ అన్న షరతు ప్రింట్ ఆన్ డిమాండ్ (అడిగినప్పుడల్లా అచ్చువేసే పద్ధతి) ఉన్నచోట ఉత్తదే, ఎందుకంటే ప్రతులు ఎప్పటికీ అయిపోవు. ‘ఏడాదిలో ఇన్ని ప్రతుల కన్నా తక్కువ అమ్ముడైతే’ అని రాయించుకోండి.

డీటీపీ, అచ్చు

తెలుగు అకడమిక్ పుస్తకానికి డెమ్మీ 1/8 సైజు, లోపల 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల్లో బరువు) మ్యాప్‌లిథో కాగితం, అట్టకు 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు మామూలుగా సరిపోతాయి. పేజీకి సుమారు 220 పదాలు పడతాయి. 45,000 పదాలకు 205 పేజీలు, ముందుమాటలు, నోట్సు, పదసూచి కలిపి 240. ఫారం అంటే 16 పేజీలు కాబట్టి అది సరిగ్గా 15 ఫారాలు. 241వ పేజీ పడిందంటే ఇంకో ఫారం ఖర్చు, లేదా ఖాళీ పేజీలు.

మీరు యూనికోడ్‌లో ఇచ్చిన ఫైలును డీటీపీలో యూనికోడ్ కాని అను ఫాంట్లలోకి మార్చి, పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో పెడితే మూడు చోట్ల తప్పులు పడతాయి. పొల్లు దగ్గర ‘శోధ్‌గంగ’ ‘శోధ్గంగ’ అవుతుంది. అంకెలు, కొటేషన్ గుర్తులు వేరే అక్షరాలైపోతాయి. పేజ్‌మేకర్‌లో ఫుట్‌నోట్ సదుపాయమే లేదు కాబట్టి నోట్సు అంకెలన్నీ చేత్తో పెడతారు, మధ్యలో ఒకటి తీస్తే మిగతావన్నీ తప్పుతాయి. నోట్సు వందకు మించితే ఇన్‌డిజైన్‌లో యూనికోడ్‌తోనే చేయించండి, వరల్డ్ రెడీ కంపోజర్ ఆన్ చేయమని చెప్పండి, లేకపోతే ఒత్తులు విడిపోతాయి. ఎలా చేసినా ఒక ప్రూఫు అంకెల కోసమే చదవాలి.

పదసూచి పేజీలు ఖరారయ్యాకే వేయాలి. అందులో పండితుల పేర్లే కాకుండా, మారుపేర్లతోనైనా మీతో మాట్లాడినవాళ్లు కూడా ఉండాలి. సున్నాతో ఉన్న మాటలు ఎక్కడ రావాలో ముందే అనుకోండి. కంప్యూటర్ వేసిచ్చే వరుస, మీ పాఠకుడికి అలవాటైన నిఘంటువు వరుస ఒకటి కాకపోవచ్చు.

పుస్తకం వెలువడిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా, ముంబై సెంట్రల్ లైబ్రరీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీలకు ఒక్కో ప్రతి ప్రచురణకర్త సొంత ఖర్చుతో పంపాలని 1954 నాటి చట్టం చెబుతుంది. సొంతంగా వేసుకుంటే ప్రచురణకర్త మీరే, కాబట్టి ఆ నాలుగు ప్రతులనూ, మీతో మాట్లాడినవాళ్లకు పంచే ప్రతులనూ ముద్రణ సంఖ్యలో ముందే కలుపుకోండి.