పికప్ మైలేజీ పడిపోతే – రెండవ పాఠం: ముందుగా చక్రాలు

ట్యాంకును నిండుగా నింపి, బండి నడిపి, మళ్లీ అదే బంకులో అదే మట్టానికి నింపి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన డీజిలుతో భాగించడం మొదటి పాఠంలో నేర్చుకున్నాం. కంపెనీ సైజుకన్నా పెద్ద టైర్లు వేసినవారు ఆ లెక్కను ఒకసారి సరిచూసుకోవాలి. చుట్టుకొలత 5 శాతం పెరిగితే, 300 కిలోమీటర్లు తిరిగిన బండికి మీటరు సుమారు 286 మాత్రమే చూపుతుంది. 25 లీటర్లు తాగి లీటరుకు 12 కిలోమీటర్లు ఇచ్చిన బండి 11.4 ఇచ్చినట్టు కనిపిస్తుంది. దారి కూడా లెక్కలోకి వస్తుంది. మదనపల్లె నుంచి టమాటా లోడుతో చిత్తూరు వైపు దిగే బండికీ, ఖాళీగా ఎక్కి వచ్చే బండికీ వేర్వేరు అంకెలు వస్తాయి కనుక రానూపోనూ కలిపే లెక్కించాలి.

మైలేజీ తగ్గిందనగానే ఇంజెక్టర్లు (ఇంజనులోకి డీజిలు చిమ్మే భాగాలు) విప్పించేవారు ఎక్కువ. ఖర్చులేని పరీక్ష చక్రాల దగ్గర ఉండగా అంత దూరం వెళ్లడం నాకు సమంజసంగా తోచదు.

టైర్లు చల్లగా ఉన్నప్పుడు, లోడుకు తగినట్టు తలుపు దగ్గరి స్టిక్కరులో చెప్పినంత గాలి ఉన్నదో లేదో చూడండి. ఆ తరువాత చదునైన రోడ్డు మీద, వీలైనంతవరకు బ్రేకు తొక్కకుండా పది కిలోమీటర్లు నడిపి, వేగాన్ని గేర్లతోనే తగ్గించి ఆపండి. ఘాట్ రోడ్డు దిగిన వెంటనే ఈ పరీక్ష చేయకూడదు. అప్పుడు అన్ని బ్రేకులూ కాలుతూనే ఉంటాయి. అరచేతి వెనుక భాగాన్ని ఒక్కొక్క చక్రం దగ్గరకు, తాకకుండా, తీసుకువెళ్లండి. ఒకచోట సెగ స్పష్టంగా ఎక్కువగా తగిలితే అక్కడ బ్రేకు పూర్తిగా వదలకుండా చక్రాన్ని పట్టేసి, డీజిలు తినేస్తున్నదని అనుమానించాలి. బేరింగు పాడైనా సెగ వస్తుంది గాని, దానికి సాధారణంగా మోత తోడవుతుంది.

బ్రేకు ఎందుకు వదలడం లేదో తేల్చడమే ఈ పాఠంలో అసలు పని. చదునైన నేల మీద మిగతా చక్రాలకు అడ్డు పెట్టి, గేరును న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వదిలి, ఆ చక్రాన్ని జాకీతో లేపి, స్టాండు మీద నిలిపి, చేత్తో తిప్పండి. బిగుసుకొని ఉంటే బ్లీడర్ నిపుల్‌ను (చక్రం దగ్గర బ్రేకు ఫ్లూయిడ్‌ను బయటకు వదిలే చిన్న మరను) కొద్దిగా వదులు చేయండి. ఫ్లూయిడ్ చిమ్మి చక్రం వెంటనే తేలికపడితే, లోపల ఒత్తిడి నిలిచిపోయిందని అర్థం: ఒక్క చక్రానికే అయితే లోపల ఉబ్బిన రబ్బరు హోస్‌ను (ఫ్లూయిడ్ గొట్టాన్ని), అన్నింటికీ అయితే ఫ్రీ ప్లే (తొక్కగానే మొదట ఉండే కాస్త వదులు) లేని పెడలును, పెడలు ఒత్తిడిని ఫ్లూయిడ్‌కు అందించే మాస్టర్ సిలిండర్‌ను చూడాలి. నిపుల్ వదిలినా తేలికపడకపోతే ముందు చక్రంలో తుప్పుపట్టిన కాలిపర్ (డిస్కును నొక్కే బ్రేకు భాగం) పిస్టన్ లేదా ఆ కాలిపర్ జారే, గ్రీజు ఎండిన పిన్నులు, వెనుక చక్రంలో వెనక్కి రాని హ్యాండ్‌బ్రేకు కేబులు కారణమై ఉంటాయి. విప్పిన నిపుల్‌ను బిగించి, బ్రేకు లైనులో చేరిన గాలి తీయించి, ఫ్లూయిడ్ మట్టం సరిచేసిన తరువాతే బండిని రోడ్డెక్కించాలి.

నాలుగు చక్రాలూ తేలికగా తిరుగుతున్నా మైలేజీ రాకపోతే, వచ్చే పాఠంలో ఎయిర్ ఫిల్టరు, టర్బో హోస్, పొగ రంగు చూద్దాం. ఈలోగా లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు పొగ నల్లగా ఉన్నదో, తెల్లగా ఉన్నదో, నీలంగా ఉన్నదో వెనుక వచ్చే బండివారిని అడిగి రాసిపెట్టుకోండి.